రిబ్బను కట్టిన రోజే మా రోగాలు

డాక్టరు లేని ఆసుపత్రి అంత ఆరోగ్యకరమైన చోటు ఈ భూమ్మీద మరొకటి లేదు. నమ్మరా? మా కాలనీకి రండి. ఊరి చివర, బస్సు వెనక్కి తిరిగే చోట మా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉంది. నేల మీద టైల్స్ తళతళా మెరుస్తుంటాయి. రోగి అడుగు పెడితే కదా మాసేది!

మాలాంటి వాళ్లకి ప్రభుత్వం నిధులివ్వదని కొందరు ఊరికే నోరు పారేసుకుంటారు. కళ్లు పోతాయి! ప్రతి బడ్జెట్‌లోనూ మాకు ఏదో ఒకటి శాంక్షన్ అవుతూనే ఉంది. ఒకసారి ప్రహరీ గోడ, ఒకసారి గేటు, మరోసారి ఆ గేటు పక్కన ఇంకో గేటు. డాక్టరు జీతం, మందులు మాత్రం వేరే పద్దు కిందికి వస్తాయట. ఆ పద్దులో ఎప్పుడూ నిధులుండవట. పోనీలెండి. గోడ సెలవు పెట్టదు, బదిలీ అడగదు. గోడను మించిన ఉద్యోగి ఎవరు చెప్పండి?

అలాగని మాకు డాక్టరు బొత్తిగా లేడనుకునేరు. ప్రారంభోత్సవం ఉన్న రోజు వస్తాడు. పెద్దలు ఫోటో దిగాలంటే పక్కన తెల్లకోటు ఉండాలి కదా! ఆ రోజు నర్సమ్మ, మందుల పెట్టె, బీపీ మిషను అన్నీ ఒకే వ్యానులో దిగుతాయి. రిబ్బను తెగి, టీలు తాగడం అయ్యేదాకా ఉంటాయి. ఆ తర్వాత అదే వ్యానులో వెళ్లిపోతాయి.

దీనివల్ల మా రోగాలకి ఎంత క్రమశిక్షణ అబ్బిందో! మా వీధి దర్జీ తన పంటినొప్పిని రెండో గేటు వచ్చేదాకా బుగ్గనే పెట్టుకున్నాడు. కండక్టరుగారి నడుం నీళ్ల ట్యాంకు పూర్తయ్యేదాకా పట్టుకునే ఉంది. మిగతా చోట్ల జనం తుమ్మొస్తే చాలు, డాక్టరు దగ్గరికి పరిగెత్తుతారు. మాకలాంటి చెడ్డ అలవాట్లు లేవు.

ఈ కిటుకు మొదట కనిపెట్టింది మా వదిన. ఇస్త్రీ షాపు నడుపుతుంది. ఆయాసం మనిషి. నోట్లో పెట్టుకుని పీల్చే మందు పంపు అయిపోయిందంటే, పని మాట దేవుడెరుగు, మంచం దిగలేదు. అందుకని వార్డు మెంబరుగారిని వదలదు. ఇస్త్రీ చొక్కాలు ఇచ్చే నెపంతో వెళ్లి మెల్లగా అందుకుంటుంది.

"మెట్లకి కొత్తగా రెయిలింగు వేయించారు కదన్నయ్యా, దానికి రిబ్బను కట్టరా?"

"రెయిలింగుకి కూడానా చెల్లెమ్మా?"

"అంత మంచి రెయిలింగు. ఊరికే వదిలేస్తే మీకే నామోషీ."

రెయిలింగుకి రిబ్బను కట్టారు. వదినకి పంపు దొరికింది. ఆ తర్వాత కుళాయికి, నోటీసు బోర్డుకి కూడా ఇదే వైభవం. మా వదినకి ఊపిరి ఆడుతోందంటే ఆ కుళాయి చలవే.

మొన్న స్వాగత ద్వారం వంతు వచ్చింది. లోపల చూసే దిక్కు లేకపోయినా, బయట స్వాగతం చెప్పకపోతే ఏం బాగుంటుంది? అప్పటికే వదిన పంపు ఖాళీ. గోడ పట్టుకుని, పిల్లికూతల ఊపిరి తీస్తూ లైన్లో నిలబడింది. పక్కన నేనున్నాను. సరిగ్గా ఆవిడ వంతు వచ్చేసరికి మైకులో పిలుపు వినిపించింది: "ఈ కేంద్రం వల్ల లబ్ధి పొందిన సోదరి వచ్చి రెండు మాటలు చెప్పాలి."

మెంబరుగారు వచ్చి, లైన్లోంచి తీసుకెళ్లి వేదిక ఎక్కించారు. ముఖ్య అతిథి చల్లగా నవ్వి, "ఇంకేం కావాలో అడగమ్మా" అన్నారు.

వదిన ఊపిరి కూడదీసుకుంది. "అన్నీ ఇచ్చారు బాబూ. వెళ్లేటప్పుడు ఆ డాక్టరుగార్ని మాత్రం ఇక్కడ మర్చిపోయి వెళ్లండి, చాలు."

సభంతా పగలబడి నవ్వింది. ముఖ్య అతిథి కూడా చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లతోనే సభ ముగిసింది. వదిన వేదిక దిగేసరికి తివాచీ, మందుల పెట్టె, డాక్టరుగారు వరసగా వ్యానెక్కేశారు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

వదిన మాత్రం ద్వారం పక్కన దిమ్మె మీద తాపీగా కూర్చుంది.

"పద వదినా, స్కూటరు మీద పెద్దాసుపత్రికి పోదాం."

"ఉండవయ్యా. వాళ్లే వస్తారు."

"ఎందుకొస్తారు?"

చేతిసంచీ కాస్త తెరిచి చూపించింది. రిబ్బను కత్తిరించిన వెండి కత్తెర! వేదిక మీంచి ఎప్పుడు నొక్కేసిందో!

ఆవిడ అంచనా తప్పలేదు. కాసేపటికే దుమ్ము లేపుకుంటూ వ్యాను వెనక్కి వచ్చింది. వదిన మొహం వెలిగిపోయింది. లేచి జుట్టు సవరించుకుంది. వ్యానులోంచి డ్రైవరు ఒక్కడే దిగాడు.

"కత్తెర చూశావా అమ్మా? అది పోతే నా ఉద్యోగం పోతుంది."

"డాక్టరుగారు రాలేదా బాబూ?"

"ఆయన్ని దారిలో దింపేశాను."

పాపం, అతని ఉద్యోగం మీదికి తేవడం వదినకి ఇష్టం లేకపోయింది. కత్తెర ఇచ్చేసి, "నన్ను పెద్దాసుపత్రి దాకా దింపుతావా?" అని అడిగింది.

"సర్కారు బండమ్మా. పేషెంట్లని ఎక్కించుకోకూడదు."

కత్తెరని మఖ్మల్ పెట్టెలో పడుకోబెట్టి, ఆ పెట్టెని ముందు సీట్లో పెట్టుకుని వెళ్లిపోయాడు. చూశారా! ఒక్క కత్తెర కోసం సర్కారు బండి అంత దూరం వెనక్కి వచ్చింది. ఎవరండీ ప్రభుత్వం మమ్మల్ని పట్టించుకోదన్నది?

వదినని స్కూటరెక్కించుకుని బయల్దేరాను. నా భుజం గట్టిగా పట్టుకుని, మాట మాటకీ ఆగి ఊపిరి తీసుకుంటూ అంది:

"ఈసారి... కత్తెర కాదయ్యా. వ్యాను తాళం దాస్తాను."