కుర్చీలో సబ్‌వూఫర్

ఆ ఆదివారం పొద్దున ఆడిటరుగారి కార్యక్రమం చాలా చిన్నది. సాయంత్రంలోగా తన పాటల గదిలో బేస్‌ను, అంటే పాటలోని లోతైన డోలు మోతను, అదుపులో పెట్టాలి. లేకపోతే గది పోతుంది.

ఈ తీర్పు ఆయన భార్యది. పైన డోలు మోగినప్పుడల్లా కింది అంతస్తులోని పళ్ల డాక్టరు అలమరలో కట్టుడు పళ్లు వాటంతటవే టకటకా నవ్వుతున్నాయట. నవ్వితే నవ్వాయి, నిన్న ఒక సెట్టు కిందపడి విరిగింది.

"సాయంత్రం ఆయన పైకి వస్తారట. మళ్లీ మాట పడ్డామంటే ఆ గది మా అమ్మానాన్నలకే. మరమ్మతుకని ఇంటి కప్పు విప్పుకుని కూర్చున్నారు పాపం," అని తేల్చేసి, ఆవిడ తలుపు దగ్గరకు లాగి బజారుకు వెళ్లింది.

ఆడిటరు తెలివితక్కువవాడు కాదు. తెలివి ఎక్కువై చెడినవాడు. గోడలన్నిటికీ కోడిగుడ్ల అట్టల్లాంటి పల్చటి ఫోమ్ అంటించాడు. దాంతో గాయని గొంతు దుప్పటి ముసుగులోంచి వస్తున్నట్టు తయారైంది. బేస్ మాత్రం ఆ ఫోమ్‌ను పూచికపుల్లపాటి కూడా లెక్కచేయకుండా, మూలల్లో చేరి ఆంబోతులా రంకెలు వేస్తోంది. ఆయన కూర్చునే కుర్చీ దగ్గర మాత్రం వినపడదు. ఖర్చుపెట్టినవాడికి తప్ప వీధి వీధంతటికీ వినపడే సంగీతం అది.

దీనికో ఉపాయం ఇంటర్నెట్‌లో దొరికింది. బేస్ పలికించే పెట్టెను, అదే సబ్‌వూఫర్‌ను, మన కుర్చీలో కూర్చోబెట్టి, పాట పెట్టి, మనం నేలమీద పాకాలి. బేస్ ఎక్కడ తేటగా వినిపిస్తే ఆ పెట్టెకు అదే చోటు. ఇది నిఖార్సయిన శాస్త్రమే. కాకపోతే, గుమ్మంలోంచి చూసేవాళ్లకు ఆ సంగతి తెలిసే వీలు లేదు.

ఆ సమయానికి గుమ్మంలో అత్తమామలు ఉన్నారు. కబురు లేకుండా, వ్యానునిండా పత్తి పరుపులతో దిగారు. వాళ్లకు కనిపించింది ఇదీ: కుర్చీలో నల్లటి పెట్టె, దాని వీపుకు దిండు, కింద నిక్కరులో నాలుగు కాళ్లమీద అల్లుడు. జారబోతున్న పెట్టెతో ఆయన బతిమాలుతున్నట్టు, "నువ్వు కదలకు, నేనే వస్తున్నా," అన్నాడు. అలా పాకి పాకి మామగారి చెప్పుల దగ్గర చెవి ఆనించి, "దొరికింది," అని తలెత్తాడు.

మామగారు రైల్వే గార్డుగా పనిచేసి రిటైరైన మనిషి, తొందరగా బెదరడు. "ఏం పోయింది, అల్లుడుగారూ?"

"బేస్ మామయ్యగారూ. కుర్చీలో ఉంటే దొరకదు. మూలల్లో దాక్కుంటుంది."

"దొరికితే ఏం చేస్తారు?"

"అక్కడే పట్టి అణిచేస్తా."

అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుంది. బజారు నుంచి కూతురు పరుగున వచ్చేసరికి నిర్ణయం జరిగిపోయింది. పది రోజులుందామని వచ్చినవాళ్లు, ఈ స్థితిలో పిల్లను వదిలి ఎప్పటికీ వెళ్లేది లేదన్నారు. అల్లుడు ఎంత వివరిస్తే అత్తగారికి అంత ఏడుపు వచ్చింది. పరుపులన్నీ చుట్టలు చుట్టి, తాము ఉండబోయే ఆ గది నాలుగు మూలల్లో పైకప్పు అంటేదాకా నిలబెట్టించారు. ఆ గొడవలో పాట ఆపడం ఎవరికీ గుర్తులేదు.

సాయంత్రం పళ్ల డాక్టరు వచ్చి చేతులు జోడించాడు. "థాంక్సండీ. ఇవాళ పాటలు మానేసినట్టున్నారు. ఒక్క పన్ను కదల్లేదు."

పాట మోగుతూనే ఉంది. ఆడిటరు ఒక్క ఉదుటున పెట్టెను దించి కుర్చీలో కూలబడ్డాడు. డోలు దెబ్బ ఒక్కొక్కటీ విడిగా, గుండ్రంగా, ముత్యంలా వచ్చి ఒళ్లో పడింది. ఆయన కళ్ల నీళ్లు పెట్టుకున్నాడు. దళసరి పత్తి, అదీ మూలల్లో. పల్చటి ఫోమ్ చేయలేని పని అదే చేసింది. డాక్టరు సాక్ష్యం చెప్పాక మామగారికి కూడా విషయం బోధపడింది.

"అయితే మీకు మతి బాగానే ఉందన్నమాట. ఇక మేమెందుకు, మీ గది మీరు ఏలుకోండి. మేం మా అబ్బాయి దగ్గరికి పోతాం," అని ఆయన ఒక పరుపు చుట్టను మూలలోంచి లాగాడు.

ఆంబోతు రంకె వేసింది. కింద ఏదో టప్పున పడింది. డాక్టరు ముఖం మాడిపోయింది.

ఆడిటరు మళ్లీ నాలుగు కాళ్లమీదికి దిగి, మామగారి పాదాలు పట్టుకున్నాడు. "మీరు కదలకండి మామయ్యగారూ. ఈ గది మీదే."

ఆ గదిలో బేస్ ఇప్పుడు బ్రహ్మాండంగా అదుపులో ఉంది. అత్తగారికి నిద్రాభంగమని పాట మాత్రం పెట్టనివ్వరు.