సరస్సు మధ్య ఇంటిపేరు

ఆ రోజు పొద్దున రంగులాయన పెట్టుకున్న పని పెద్దదేం కాదు. దేశపటం మీద మిగిలిన ఎర్ర చుక్కలు పెట్టెయ్యాలి, కుంచెలు కడిగి ఆరబెట్టాలి, మధ్యాహ్నానికల్లా ఇంటికి పోయి కిటికీ పక్కన పడక్కుర్చీలో కళ్లు మూసుకోవాలి. కళ్లు మూసుకోవడం ఆయనకి ఇష్టమైన పని. కళ్లు తెరిచి ఉన్నప్పుడు కూడా సగం ఆ పనిలోనే ఉంటాడు.

ఆయన ఉద్యోగం జనాభా లెక్కల ఆఫీసు పై అంతస్తులో. దేశంలో ఏ ఇంటిపేరు వాళ్లు ఎక్కడెక్కడ ఎంతమంది ఉన్నారో చూపించే పటం అక్కడ తయారవుతోంది. గది మధ్యలో రెండు మంచాలంత బల్ల, దాని మీద పటం, పటం మీదికి వాలిపోయి రంగులాయన. ఒక్కో ఇంటిపేరుకి ఒక్కో రంగు. దేశం మొత్తం మీద ఒక్కటే కుటుంబం మిగిలిన ఇంటిపేరైతే ఒక ఎర్ర చుక్క. అందరికంటే ఎక్కువమంది ఉన్న ఇంటిపేరుకి లేత పసుపు. ఆ ఇంటిపేరేమిటో ఇక్కడ రాయక్కర్లేదు. అది మీది కాకపోతే మీ పక్కింటివాళ్లది. రంగులాయనది కూడా అదే.

ఆఫీసు నిండా ఆ ఇంటిపేరు వాళ్లే. ఇంటిపేరుతో పిలిస్తే బల్లకొకరు తలెత్తుతారు కనక ఒకరినొకరు ఫైళ్లాయన, మెట్ల పక్కావిడ, దగ్గాయన అని పిలుచుకుంటారు. రంగులాయన నెలల తరబడి తనవాళ్ల పసుపే పూశాడు. కొండలు దాటి, రేవులు దాటి, తలుపు సందులోంచి వచ్చే పొద్దుటెండలా అది పాకుతూ పోయింది. పూస్తూ పూస్తూ, ఇంతమందిలో నేనెక్కడున్నానా అని కుంచె ఆపి వెతుక్కునేవాడు. దొరికేవాడు కాదు.

ఈ మాట మామగారు పెళ్లినాడే అన్నారు. "రాయి విసిరితే మీవాళ్లకే తగులుతుందయ్యా అల్లుడూ. రేపు మా అమ్మాయి ఏ ఇంట్లో ఉందని వెతుక్కోను?" నవ్వుతూనే అన్నారు. అల్లుడూ నవ్వాడు. కానీ ఆ మాట లోపల ఎక్కడో గుచ్చుకుని ఉండిపోయింది. అందుకే డైరెక్టరు గారు, "ఈ పటం మచ్చ లేకుండా పూర్తి చెయ్యి. కింద మూలన ఎప్పట్లా ఆఫీసు సిబ్బంది అని కాదు, నీ పేరే వేయిస్తాను" అన్నప్పటి నుంచీ ఆయన కాళ్లు నేల మీద నిలవడం లేదు. పటానికి కింద, కుడివైపు, అగ్గిపెట్టెంత ఖాళీ. లోకంలో ఆయనకి కావలసిన చోటల్లా అంతే.

ఆ పొద్దున కూడా కుంచెని ఎరుపులో ముంచి ఆ ఖాళీ వైపే చూస్తూ నిలబడిపోయాడు. అక్కడ తన పేరు అచ్చయింది. బడిపిల్లలు వేలు పెట్టి చదువుతున్నారు. మామగారు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదువుతున్నారు. ఇంతలో టప్పున చప్పుడైంది. తెల్లగా వదిలేసిన పెద్ద సరస్సుకి సరిగ్గా మధ్యలో ఎర్ర చుక్క. పడ్డట్టు లేదు, పెట్టినట్టుంది. తెలిసి పెట్టినప్పుడు అంత గుండ్రంగా ఆయనకి ఎప్పుడూ రాలేదు.

అప్పుడే డైరెక్టరు గారు లోపలికొచ్చారు. అరుదైన వాటి మీద మోజున్న మనిషి. జత పోయిన గుండీలూ, తాళం పోయిన తాళంచెవులూ బల్ల సొరుగులో దాచుకుంటారు.

"ఇదేమిటయ్యా, సరస్సులో?"

రంగు పడిందంటే మచ్చ. మచ్చ అంటే మూల పోయినట్టే. రంగులాయన కుంచె వెనక దాచుకున్నాడు.

"కుటుంబం సార్."

"నీళ్ల మధ్యలోనా?"

"పడవలో ఉంటారు సార్."

అబద్ధం అలవాటు లేనివాళ్లతో వచ్చిన చిక్కు ఇదే. ఎక్కడ ఆపాలో తెలీదు. ఒడ్డుకి రారా అంటే ఎప్పుడో గానీ రారన్నాడు. ఎందుకు రారంటే వాళ్లకి అక్కడే బాగుందన్నాడు. ఇంటిపేరేమిటంటే, బల్ల మీదున్న రెండు వస్తువుల్ని చూసి వాటిని కలిపి ఒక ఇంటిపేరు చెప్పాడు. అది కూడా ఇక్కడ రాయడం లేదు. రాస్తే మీలో ఎవరో ఒకరు అది మాదేనని బయల్దేరతారు.

డైరెక్టరు గారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ఆ చుక్క వైపు చాలాసేపు చూశారు. ఆయన కళ్లు చెమర్చాయి.

"ఇంత దేశంలో ఒక్కటే కుటుంబం! అదీ నీళ్ల మీద! పటం ఆవిష్కరణకి ఆ ఇంటి పెద్దని తీసుకురావయ్యా. ఆయన వచ్చిన రోజే మూలన నీ పేరు."

సాయంత్రం పేపర్లో ఆ వార్త వచ్చేసింది. రంగులాయన ఇంటికెళ్లేసరికి భార్య గొడుగు చిరుగు కుడుతోంది.

"పుట్టి మునిగిందే" అన్నాడు గుమ్మంలోనే కూలబడి.

జరిగిందంతా విని ఆవిడ సూది జారవిడిచేంతగా నవ్వింది. మొగుడి మొహం చూసి ఆపింది. "పడవాయన ఎవరో ఒకరు కావాలి, అంతేగా? నాన్నని అడుగుదాం" అంది.

మామగారు రిటైరైన మనిషి. ఉద్యోగమంతా రైల్వేస్టేషన్లో, కిటికీ కూడా లేని ఒక చిన్న గదిలో, మైకు ముందు గడిచింది. ఏ రైలు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఎంత ఆలస్యమో చెప్పడం ఆయన పని. ఆ గొంతు వినని మనిషి ఆ ప్రాంతంలో లేడు. ఆ మొహం చూసినవాడూ లేడు. నీళ్లంటే ఆయనకి చచ్చేంత భయం. స్నానానికి తొట్టిలో దిగమంటే దిగరు, మగ్గుతో పోసుకుంటారు, అదీ గోడ పట్టుకుని.

"ఒక్క పూటేనయ్యా. మళ్లీ నన్ను లాగకూడదు" అన్నారు.

ఆవిష్కరణ నాడు హాలు కిక్కిరిసిపోయింది. మామగారు ఎక్కడ నేర్చారో గానీ, నేల ఊగుతున్నట్టు కాళ్లు ఎడంగా వేసి నడిచొచ్చారు. మైకు ముందు నిలబడ్డారు. మైకు కనిపించగానే ఆయనలో పాత మనిషి లేచి కూర్చున్నాడు.

"ఒడ్డున అందరూ ఉన్నారు. అందుకని మేం నీళ్ల మీద ఉండిపోయాం. పొద్దున్నే పొగమంచులో మా ఇంటిపేరు పెట్టి మేమే పిలుచుకుంటాం. పలికేవాళ్లు వేరే ఎవరూ ఉండరు. ఇన్నాళ్లకి మీ దగ్గరికొచ్చాం. మా రాక ఆలస్యమైంది. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం."

చివరి మాట అచ్చం రైల్వేస్టేషన్‌దే. దొరికిపోయామనుకుని రంగులాయన తలుపు వైపు చూశాడు. కానీ ఎవరూ నవ్వలేదు. ఆ గొంతు వాళ్లందరూ ఎప్పుడో విన్నదే. చలికి దుప్పటి కప్పుకుని, పెట్టె మీద తలవాల్చి, నిద్రకీ మెలకువకీ మధ్య విన్న గొంతు. అది వినిపిస్తే ఇంటికి వెళ్లే రైలు వచ్చేస్తున్నట్టు. ఎక్కడ విన్నారో ఒక్కరికీ గుర్తు రాలేదు. ఈయన మనకేదో అవుతాడని మాత్రం ప్రతివాళ్లకీ అనిపించింది.

మర్నాడు పొద్దున ఆఫీసు మెట్ల మీద ఒక బట్టల దుకాణం ఆవిడ నిలబడి ఉంది.

"మాదీ ఆ సరస్సు ఇంటిపేరేనండీ. మధ్యలో ఎవరో మార్చేశారు."

"సాక్ష్యం ఏమైనా ఉందా అమ్మా?"

"నాకు కలలో పడవ వస్తుంది."

ఆవిడ వెనక ఒక మంగలి, అతని వెనక పళ్ల డాక్టరు, ఆయన వెనక మలుపు దాకా జనం. అందరూ లేత పసుపు వాళ్లే. డైరెక్టరు గారు ఆనందం పట్టలేక, పెద్దాయన గుర్తుపడితే చాలని తేల్చేశారు. ఒక్క పూటకని వచ్చిన మామగారికి వరండాలో కుర్చీ వేశారు. ఆయన ఒక్కొక్కరి మొహం పట్టుకుని చూడటం, "వచ్చావా నాయనా" అనడం, వచ్చినవాళ్లు ఆయన భుజం మీద పడి ఏడవడం. మర్నాటికి రైళ్లలో కూడా దిగారు. పైన బల్ల దగ్గర రంగులాయన, తను పూసిన పసుపు మీద తనే ఎర్ర చుక్కలు పెడుతూ కూర్చున్నాడు. చుక్కలు చాలక, పసుపు కడిగేసి, ఎరుపులో నీళ్లు కలిపి పూయడం మొదలుపెట్టాడు. ఊళ్లకి ఊళ్లు గులాబీ రంగుకి తిరిగాయి.

ఇంటికొచ్చి మామగారిని నిలదీశాడు.

"మామయ్య గారూ, వరసలో మా చిన్నాన్న కూడా నిలబడ్డాడు. మా సొంత చిన్నాన్న!"

"చూశాను. మనిషి మంచివాడు. చెవులు అచ్చం మావే."

"మీవెక్కడివండీ! మీకు సరస్సే లేదు!"

మామగారు కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. "ఉద్యోగం చేసినన్నాళ్లూ నా మాట విని జనం రైళ్లెక్కి వెళ్లిపోయారయ్యా. ఒక్కడూ వెనక్కి తిరిగి నేనున్న గది వైపు చూడలేదు. ఇప్పుడు అదే గొంతు విని నా దగ్గరికొస్తున్నారు. ఎలా పొమ్మనమంటావో నువ్వే చెప్పు" అన్నారు.

తన బాధా అదే కనక రంగులాయనకి ఆయన మీద కోపం రాలేదు.

వారం తిరక్కుండా డైరెక్టరు గారు కొత్త కబురు చెప్పారు. కుటుంబమంతా కలిసి సరస్సు మీదికి వెళ్లాలి, పెద్దాయన ముందు పడవలో నిలబడాలి. అది విన్న మామగారు మంచం పట్టారు. ఇక లాభం లేదనుకున్నాడు రంగులాయన. మూల పోతే పోయింది, ఉద్యోగం కూడా పోతే పోయింది, మామగారిని నీళ్లలో ముంచడం కంటే నయం. డైరెక్టరు గారి గదిలోకెళ్లి తలుపు వేశాడు.

"సార్, అది కుటుంబం కాదు. నా కుంచెలోంచి పడ్డ చుక్క. పేరు నేనే కల్పించాను. ఆయన మా మామగారు. ఈతకొలను బొమ్మ చూసినా కళ్లు తిరుగుతాయి ఆయనకి."

డైరెక్టరు గారు లేచి కిటికీ మూశారు. మొహంలో కోపం లేదు, నిద్రలోంచి లేపినవాళ్ల మొహంలా ఉంది.

"గట్టిగా అనకయ్యా. మొన్న సాయంత్రం అందరూ వెళ్లిపోయాక నేనూ ఆయన ముందు నిలబడ్డాను. నా ముక్కు చూసి, వచ్చావా నాయనా అన్నారు. నా ఇంటిపేరూ మీదే కదా. అది చెప్పుకోలేక తలుపు మీద డైరెక్టర్ అని మాత్రమే రాయించుకున్నాను. వచ్చావా అని నన్ను ఇంతవరకూ ఎవరూ అనలేదు."

"మరి పటం ఏం చెయ్యమంటారు సార్? చుక్క కడిగెయ్యనా?"

"ఎవరిని కడుగుతావ్?" అన్నారాయన. "పడవ ప్రయాణం వద్దులే. మూలన నీ పేరు వేయిస్తాను. చుక్క సంగతి మాత్రం మర్చిపో."

ఆ రాత్రి భోజనాల దగ్గర మామగారు కూతురి వైపు జరిగారు. "అందరూ వచ్చేశారు తల్లీ. మీరిద్దరూ కూడా ఈ ఇంటిపేరులోకి వచ్చెయ్యండి. ఇంట్లోవాళ్లే బయట ఉంటే బాగుండదు."

రంగులాయన తల అడ్డంగా ఊపాడు. మూలన పడాల్సింది మాత్రం తన పేరే గానీ, బల్ల మీద చూసి అల్లిన పేరు కాదు.

"నేను రాను నాన్నా" అంది భార్య. "ఈయన రారు. ఒక్కరే అయిపోతారు. తోడు ఎవరో ఒకరు ఉండాలిగా."

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయనకి ఆవిడ మీద అంత ప్రేమ ఎప్పుడూ పొంగలేదు. చెప్పడం చేతకాక నీళ్ల గ్లాసు ఆవిడ వైపు జరిపాడు.

కొత్త పటం గోడకెక్కింది. దేశం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తెల్లవారుజాము ఆకాశంలా గులాబీ రంగు. మిగతా రంగులవాళ్లూ వచ్చి కలిసిపోయారు. లేత పసుపు ఎక్కడా లేదు. పాత పద్ధతి ప్రకారం ఒక్క కుటుంబమే ఉంటే చుక్క పెట్టాలి కనక, ఆఫీసు పక్క వీధిలో, గొడుగు ఆరేసిన ఇంటి మీద, ఒకే ఒక చుక్క. రంగు మాత్రం పసుపే, ఎరుపు నిండుకుంది మరి. నెలల తరబడి వెతుక్కున్న మనిషి ఇప్పుడు తనకి గది అవతలి నుంచి కూడా కనిపిస్తున్నాడు. కింద మూలన ఆయన పేరు, ఇంటిపేరుతో సహా, చక్కగా అచ్చయింది.

చూడటానికి వచ్చిన ఒకావిడ వంగి ఆ మూల చదివింది. చదివి నొసలు ముడిచింది.

"ఇలాంటి ఇంటిపేరు కూడా ఉంటుందా అండీ? ఎప్పుడూ వినలేదే!"

"ఉందమ్మా" అన్నారు పక్కనే ఉన్న మామగారు, కళ్లజోడు తుడుచుకుంటూ. "దేశం మొత్తం మీద ఒక్కటే కుటుంబం. మా అల్లుడే."

ఆ గొంతులో అంత గర్వం రంగులాయన ఎన్నడూ వినలేదు. ఆ సాయంత్రం ఇంటికి నడుస్తుంటే భూమి మెత్తగా అనిపించింది.

మర్నాడు పొద్దున ఆఫీసు తలుపు తీసేసరికి మెట్ల మీద చిన్నాన్న నిలబడి ఉన్నాడు, అసలు తమదీ పటం మూలనున్న ఇంటిపేరేనని చెప్పుకోవడానికి వచ్చాడట.