కుందేళ్లు చెప్పుకున్న చెరువు

ఒక పెద్ద అడవిలో, పటం గీసినవాళ్లు వేలు తుడుచుకున్న చోట మా ఊరుండేది. పదిళ్ల కుందేళ్లం. చుట్టూ రాతి గుట్టలు, మధ్యలో గిన్నెలాంటి పల్లం, ఆ పల్లంలో మా సజ్జచేలు. భూగోళం అంతే. చరిత్ర ఇంకా చిన్నది: మా తాతలు డేగకు భయపడి పరిగెత్తుకొచ్చి, ఆయాసమొచ్చి ఇక్కడ కూలబడ్డారు.

ఆ ఏడు వాన గుట్ట అవతలే ఆగిపోయింది. సజ్జ వెన్ను వేసే వేళ. తడి అందకపోతే పిల్లలకు తిండి లేదు. వాగు నుంచి కాలువ కావాలని అడవి సభకు మొరపెట్టుకున్నాం.

విచారణకు ఎలుగుబంటి దొరగారొచ్చారు. "చరిత్ర ఉన్న ఊళ్లకే కాలువ. మీకేముంది?" అన్నారు.

మా ఊరిపెద్ద చెవులయ్య మావ నోరు తెరవబోయాడు. గరికమ్మత్త అతని కాలు తొక్కింది. "డేగ సంగతి ఎత్తావో, చూడు!" అని గొణిగి, "అయ్యా, పూర్వం ఇక్కడ మా మహారాజులు తవ్వించిన చెరువుండేది" అంది.

మాకు ఒళ్లు పులకరించింది.

"ఎంత చెరువు?"

"ఈ గుట్ట నుంచి ఆ గుట్ట దాకా!" అన్నాడు మావ.

"హంసలు కూడా ఈదేవండీ" అన్నాను నేను. నా అంతట నేనే నాలుగక్షరాలు నేర్చుకున్నదాన్ని, ఊరుకోలేను. హంస ఎలా ఉంటుందో ఇప్పటికీ తెలీదు.

దొరగారి కళ్లు చెమర్చాయి. "ఇంత వైభవాన్ని పూడ్చేసి సజ్జలు పండిస్తున్నారా!"

"ఏం చేస్తామండీ, మా ఖర్మ" అన్నాం అందరం.

మర్నాడే ఏనుగులు దిగాయి. వాటికి మేమే దండలేశాం. గుట్టల సందుకు అడ్డంగా కట్ట పోస్తుంటే మట్టి కూడా మోశాం. వాగు నుంచి కాలువ వచ్చింది. సజ్జ మొదళ్లు తడిశాయి, చప్పట్లు కొట్టాం. పైరు నడుము దాకా మునిగింది.

"ఇక చాలండీ!"

"చాలేంటి? గుట్ట నుంచి గుట్ట దాకా అన్నారుగా. ఇంకా సగమే నిండింది" అన్నారు దొరగారు.

మావ కాళ్లమీద పడ్డాడు. "చెరువూ లేదు, రాజులూ లేరు బాబూ! మేం డేగకు భయపడి పారిపోయొచ్చినోళ్లం!"

దొరగారు చెవులు మూసుకున్నారు. "ఛ! పూర్వీకుల్ని అంత మాటనకూడదు."

వెన్నులు కూడా మునిగాక, పిల్లల్ని వీపునేసుకుని గుట్ట దాటాం. అవతలి ఊరి ఉడతలు "ఎక్కణ్ణుంచమ్మా రాక?" అని అడిగాయి.

గరికమ్మత్త తల ఎగరేసింది. "మాది మహారాజుల చెరువున్న ఊరు. రెండు గింజలుంటే పెట్టండి తల్లీ."

నీతి: గొప్ప చరిత్ర కావాలనుకునేవాళ్లు ముందు ఈత నేర్చుకోవాలి.