ఓదార్పు పెట్టెలు

ఓదార్పు రంగంలో మన రాష్ట్రాన్ని మూడేళ్లలో దేశంలోనే మొదటి స్థానంలో నిలబెడతామని మంత్రి బుల్లియ్యగారు ప్రకటించారు. ఓదార్పు కోసం ఇకమీదట పొరుగు రాష్ట్రాల వైపు చూడాల్సిన పని లేదనీ, దాన్ని తయారుచేసే కర్మాగారం భీమవరంలోనే ఉందనీ, గత ప్రభుత్వాల నిర్లక్ష్యం వల్ల అది మూతపడే స్థితికి వచ్చిందనీ, దాన్ని ఆదుకోవడం తన జీవితాశయమనీ చెప్పారు. ఆ జీవితాశయం సంగతి ఆయనకు కూడా ఆ పొద్దునే తెలిసింది.

ఆ వార్త పేపర్లో చదివి శరత్‌చంద్ర ముందు సంతోషించాడు, ఎవరో పాపం బాగుపడుతున్నారని. రెండో పేరాలో కంపెనీ పేరు చూసి టీ గ్లాసు కింద పెట్టేశాడు. గోదారి కన్సోల్స్, భీమవరం. అది తన కంపెనీయే.

శరత్‌చంద్ర తయారుచేసేది వీడియో గేమ్ కన్సోల్, అంటే టీవీకి తగిలించి ఆడుకునే పెట్టె. పన్నెండేళ్ల కిందట ఇంజనీరు ఉద్యోగం మానేసి, ఐసు ఫ్యాక్టరీ పక్కన షెడ్డు తీసుకుని మొదలుపెట్టాడు. వరద గోదావరిలో పంటు మీద జనాన్ని అవతలి ఒడ్డుకు దాటించే ఆట, పోలీసులు వచ్చేలోగా పందెం కోడిని సంచిలో పెట్టుకుని పారిపోయే ఆట, అన్నీ తనే రాశాడు. ఒకప్పుడు కాలేజీ హాస్టళ్లలో ఆ పెట్టె లేని గది ఉండేది కాదు. తర్వాత ఆటలన్నీ ఫోన్లలోకి వచ్చేశాయి. ఇప్పుడు షెడ్డులో అమ్ముడుపోని పన్నెండు వందల పెట్టెలు, పనిచేసే పదకొండు మంది ఆడవాళ్లు, శరత్‌చంద్ర మిగిలారు. షెడ్డు ఓనరు ప్రసన్నకుమార్ గారు నెలాఖరుకల్లా ఖాళీ చేయమన్నారు. రొయ్యల మేత బస్తాలు పెట్టుకోవాలట.

అందుకని శరత్‌చంద్ర ప్రభుత్వానికి ఇంగ్లీషులో ఒక అర్జీ పెట్టాడు. జిల్లాలో కన్సోల్స్ తయారుచేసేది మేమొక్కరమే, గిరాకీ పడిపోయింది, ఆదుకోండి అని దాని సారం. అర్జీలను తెలుగు చేసి పైకి పంపాలని జిల్లా ఆఫీసులో నియమం. తెలుగు చేసేది సూర్యప్రకాశం గారు. ఉత్తమ అనువాదకుడిగా రెండుసార్లు శాలువా కప్పించుకున్న మనిషి. ఆయన నిఘంటువు తీశారు. కన్సోల్ అంటే ఓదార్చు అని ఉంది. ఉన్నదే రాశారు. ఆ విధంగా "జిల్లాలో ఓదార్పును తయారుచేసే ఏకైక సంస్థ మాది. ఇటీవల ఓదార్పుకు గిరాకీ పడిపోయింది" అనే మాటలు మంత్రిగారి బల్ల మీదికి చేరాయి.

శరత్‌చంద్ర బండి వేసుకుని ఆఫీసుకు పరిగెత్తాడు.

"అయ్యా, మాది ఓదార్పు కాదండి."

సూర్యప్రకాశం గారు కళ్లజోడు తీశారు. "నిఘంటువు తప్పంటారా?"

"నిఘంటువు తప్పు కాదండి. ఇది వేరే కన్సోలండి."

"స్పెల్లింగు వేరా?"

"స్పెల్లింగు అదేనండి."

"మరింకేంటండి?" అన్నారాయన. తర్వాత శరత్‌చంద్ర మొహం చూసి కొంచెం మెత్తబడ్డారు. "పోనీ, ఆటల పెట్టె అని దిద్దమంటే దిద్దుతానండి. ఫైలు ఆటల శాఖకి పోద్ది. నేను సర్వీసులో చేరిన కొత్తల్లో ఓ కేరమ్ బోర్డు ఫైలు అక్కడికెళ్లింది. బోర్డు శాంక్షనైంది. స్ట్రైకర్ ఇంకా పరిశీలనలో ఉంది. తర్వాత మీ ఇష్టం."

షెడ్డుకు తిరిగొచ్చి చెబితే, మొదటి రోజు నుంచీ సోల్డరింగ్ బల్ల దగ్గరున్న నాగదుర్గ తల ఎత్తకుండానే అంది: "ఓదార్పనే అననివ్వండి సార్. షెడ్డు నిలబడుద్ది. మేం పదకొండు మందిమీ ఇక్కడే ఉంటాం. ఈ పని తప్ప మాకింకోటి చేతకాదు కదండి."

శరత్‌చంద్ర అర్జీ దిద్దించడం మానేశాడు. సిగ్గుగా ఉంది. సిగ్గు కన్నా ఆశ ఎక్కువగా ఉంది.

మంత్రిగారు ఫ్యాక్టరీ చూడ్డానికి స్వయంగా విచ్చేశారు. పరామర్శల్లో బుల్లియ్యగారికి సాటి లేరు. ఒక్కరోజులో పదిహేడు ఇళ్లు పరామర్శించిన చరిత్ర ఆయనది. ఏం జరిగిందో అడక్కుండానే భుజం తట్టగలరు. ఒకసారి హడావుడిలో పెళ్లింట్లోకి వెళ్లి, పెళ్లికొడుకు భుజం తట్టి ధైర్యంగా ఉండమన్నారు. మంత్రిగారి దూరదృష్టిని ఆ పెళ్లికొడుకు ఇప్పటికీ తలుచుకుంటూ ఉంటాడు.

"ఓదార్పు ఇందులో ఎక్కడుంటదండి?" అని పెట్టెను అటూ ఇటూ తిప్పి చూశారు.

శరత్‌చంద్ర పంటు ఆట పెట్టాడు. "మూడు ప్రాణాలిస్తామండి. ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది."

"మూడా?" మంత్రిగారు పీఏ వైపు తిరిగారు. "మేనిఫెస్టోలో మనం అన్ని ఇవ్వలేదే."

ఆయన పంటు మూడుసార్లూ మునిగింది. తెర మీద గేమ్ ఓవర్ అని పడింది. మంత్రిగారి మొహం మాడిపోయింది. "మా ప్రభుత్వం ఉండగా అయిపోవడమేంటండి? తీసెయ్యండి."

అక్కడికక్కడే తీసేశారు. మునిగినప్పుడల్లా మంత్రిగారి గొంతు "అధైర్యపడకండి, నేనున్నాను" అనాలనీ, మూత మీద ఆయన నవ్వుతున్న ఫోటో ఉండాలనీ నిర్ణయించారు. గొంతు రికార్డు చేయడానికి ఏడు టేకులు పట్టింది. ఏడోసారి సోల్డరింగ్ పొగ తగిలి ఆయనకు నిజంగానే కన్నీళ్లు వచ్చాయి. దాన్నే ఖాయం చేశారు. పన్నెండు వందల పెట్టెలూ ప్రభుత్వమే తీసుకుంటుందని ఆయన చెప్పగానే పదకొండు మందీ చప్పట్లు కొట్టారు. శరత్‌చంద్రకు కూడా కళ్లు చెమర్చాయి. అతను పొగకు దూరంగానే ఉన్నాడు.

ఆ పెట్టెలు ఉప్పాడకు కేటాయించారు. అక్కడ సముద్రం ఊళ్లోకి వచ్చి ఏటా కొన్ని ఇళ్లు తీసుకుపోతోంది. ఒడ్డున రాళ్లు వేయించమని ఊరివాళ్లు చాలాకాలంగా అడుగుతున్నారు. రాళ్ల ఫైలు నడుస్తోంది. ఈలోగా ఓదార్పు.

పంపిణీ సభకు ఒడ్డునే వేదిక కట్టారు. సముద్రం ఒక్క అడుగు ముందుకేస్తే తమ ప్రభుత్వం రెండడుగులు ముందుకేస్తుందని మంత్రిగారు హామీ ఇచ్చారు. అలా వేసుకుంటూ పోతే ఎక్కడ తేలతారో ఎవరూ అడగలేదు. మొదటి పెట్టె అందుకోవడానికి వీరవేణిని వేదిక మీదికి పిలిచారు. చేపలమ్ముకునే మనిషి. మొన్నటి పోటుకు ఇంట్లో రెండు గదులు పోయి, వంటిల్లు మిగిలింది.

"ఇది దేనికండి?"

"ఓదార్పమ్మా."

"మేం రాళ్లడిగామండి."

"రాయి కఠినం తల్లీ. ఇది సున్నితం."

"దీన్ని టీవీకి పెట్టాలంటండి. మా టీవీ లోపలుందండి," అని వీరవేణి సముద్రం వైపు చూపించింది.

మంత్రిగారు ఆమె భుజం తట్టి, "అధైర్యపడకండి, నేనున్నాను" అన్నారు. పక్కన జనరేటరుకు తగిలించిన పెట్టె కూడా సరిగ్గా అప్పుడే ఆ మాటే అంది. పెట్టె గొంతులో ఆర్ద్రత ఎక్కువ ఉందని విలేకరులు అభిప్రాయపడ్డారు.

వారం తర్వాత నాగదుర్గ పేపరు పట్టుకుని శరత్‌చంద్ర దగ్గరకొచ్చింది. ఉప్పాడ ఒడ్డు ఫోటో. ఊరివాళ్లు పన్నెండు వందల పెట్టెలనూ ఇళ్లకూ సముద్రానికీ మధ్య గోడలా పేర్చేశారు. పన్నెండు వందల బుల్లియ్యగార్లు సముద్రాన్ని చూసి నవ్వుతున్నారు. సముద్రం మూడు రోజులు ఆగింది. ఓదార్పుతో సముద్రాన్ని ఆపిన తొలి ప్రభుత్వం తమదేనని మంత్రిగారు ప్రకటించారు. నాలుగో రోజు పోటుకు గోడ మొత్తం పోయింది. సముద్రానికి కూడా ఓదార్పు అవసరమైందని ఆయన సవరించారు.

ఆ వెంటనే మూడు వేల పెట్టెలకు రెండో ఆర్డరు వచ్చింది, ఒక షరతుతో. కెరటాల ఒత్తిడి దృష్ట్యా లోపల సర్క్యూట్లు అవసరం లేదు, ఇసుక నింపితే చాలు. మూత మీద ఫోటో మాత్రం యథాతథం.

ఆ కాగితం చేతిలో పెట్టుకుని శరత్‌చంద్ర చాలాసేపు కూర్చున్నాడు. అతనికి ఏడుపొచ్చింది. నాగదుర్గ సోల్డరింగ్ కడ్డీలు తుడిచి అలమరలో పెట్టి, పదకొండు చేటలు తెప్పించింది. షెడ్డు ముందు ఇసుక లారీ ఆగింది. షెడ్డు ఓనరు ప్రసన్నకుమార్ గారు వచ్చి చూసి, "ఇసుకే అయితే మా ఖాళీ మేత బస్తాల్లో పోసెయ్యొచ్చు కదండి" అన్నారు. బస్తాలో పోస్తే ఓదార్పు అనిపించుకోదని సూర్యప్రకాశం గారు ఫోన్లో వివరించారు. షెడ్డు మాత్రం నిలబడింది.

ఆ పెట్టెలు ఉప్పాడ చేరిన పది రోజులకు శరత్‌చంద్రకు ఫోనొచ్చింది. ప్రతి పెట్టె అడుగునా కస్టమర్ కేర్ అని ఉండేది అతని సొంత నంబరే.

"నేను ఉప్పాడ నుంచి వీరవేణినండి. కొత్త పెట్టెలు బాగున్నాయండి. నిన్నటి పోటుకి ఒక్కటీ కదల్లేదు."

"సంతోషమమ్మా."

"పాతవాటిల్లో లోపలేం పెట్టేవారో గానండి, ఉత్తినే తేలిపోయాయి."

పంటు ఆటలో కెరటాలు సరిగ్గా రావాలని శరత్‌చంద్ర ఒక వానాకాలమంతా గోదావరి గట్టున కూర్చుని రాసుకున్నాడు. అది గుర్తొచ్చి అలమరలోని సోల్డరింగ్ కడ్డీల వైపు చూస్తుండిపోయాడు.

"ఉన్నారాండి?"

"ఉన్నానమ్మా. ఆ పాతవి... నేనే చేశానమ్మా. పన్నెండేళ్లు చేశాను."

అవతల సముద్రం హోరు వినిపిస్తోంది.

"దిగులు పడకండి బాబూ," అంది వీరవేణి. "ఇప్పుడిప్పుడే చెయ్యి తిరుగుతోంది కదా."