చీరకి చెరో కొసా

ఆ ఆదివారం పొద్దున ద్వారకానాథ్ వేసుకున్న పథకం చాలా చిన్నది. దిగిన బీచ్ హోటల్లో టిఫిన్ తినడం, భార్య వసంతతో ఇసుకలో నడవడం, ఆఫీసు మాట ఎత్తకపోవడం. పెళ్ళయి ఎనిమిది నెలలైనా ఆ మూడోది ఒక్కసారీ కుదరలేదు. అది పంతొమ్మిది వందల తొంభై తొమ్మిది నవంబరు. కొత్త సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీ తెలియక పడిపోతాయని పారమట్టా ఊళ్ళో అతని ఆఫీసంతా హడలిపోతోంది. పైగా అతనికి కాదనడం రాదు. ఎవరేమడిగినా "నో వర్రీస్" అనేస్తాడు. ఆస్ట్రేలియా వచ్చాక అతను నేర్చిన మొదటి మాట అదే. ఆ మాట పుణ్యమా అని శని, ఆదివారాలు కూడా మేనేజరు ఈశ్వరప్రసాద్ పాలబడుతున్నాయి.

"ఈ వీకెండు నాదేనండీ. మళ్ళీ ఆఫీసంటూ పరిగెత్తారంటే నేను కాకినాడ వెళ్ళిపోతాను," అని వసంత బయల్దేరే ముందే చెప్పింది. నవ్వుతూనే చెప్పింది గాని ద్వారకానాథ్‌కి అది వేళాకోళంగా తోచలేదు.

ఒడ్డుకి వెళ్ళగానే ఆమె సముద్రుడికి దణ్ణం పెట్టి, నెత్తిన నాలుగు చుక్కలు చల్లుకోబోయింది. సముద్రుడు అంతకంటే ధారాళంగా నడుందాకా తడిపి వెళ్ళాడు. కట్టుకున్నది పెళ్ళికి అమ్మ పెట్టిన ఉప్పాడ చీర. పొడుగునా పై సగం ఎరుపు, కింది సగం పసుపు. గదికి వెళ్ళి చుడీదారు వేసుకుని, చీరని మంచినీళ్ళలో జాడించింది. బాల్కనీలో బట్టలు ఆరెయ్యొద్దని హోటలువాళ్ళు బోర్డు పెట్టారు.

"బీచ్‌లో చెరో కొసా పట్టుకుంటే గాలికి ఇట్టే ఆరిపోద్దండీ. మా ఇంట్లో అంతే," అంది వసంత.

జనం లేని చోటు చూసుకుని ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. మధ్యలో చీర రెపరెపలాడింది. అవతలి కొస నుంచి వసంత నవ్వింది. ఇలా తీరిగ్గా ఆమె మొహం చూసి ఎన్నాళ్ళయిందో ద్వారకానాథ్‌కి గుర్తు రాలేదు. సిగ్గేసింది.

ఆ దేశపు సముద్రతీరాల్లో ఎరుపు పైన, పసుపు కింద ఉన్న జెండాలు ఎగురుతుంటే, లైఫ్‌గార్డులు కాపలా ఉన్నారు, నిర్భయంగా ఈదవచ్చని అర్థం. అక్కడ పసిపిల్లలకి కూడా తెలిసిన సంగతి అది. ద్వారకానాథ్‌కి తెలియదు.

భుజాన తువ్వాలుతో ఒక పెద్దాయన వచ్చి చీరని ఎగాదిగా చూశాడు. "ఓకే టు స్విమ్ హియర్, మేట్?"

"నో వర్రీస్!" అన్నాడు ద్వారకానాథ్, ఈదేవాడి ఇష్టం మధ్యలో నాదేముందనుకుని.

పెద్దాయన వెనకే ఆయన భార్య, ఆవిడ వెనక ఒక కుటుంబం, వాళ్ళ వెనక బస్సు దిగిన ఒక గుంపు నీళ్ళలోకి దిగారు. అడిగిన ప్రతివాళ్ళకీ నో వర్రీస్.

"మంచి స్పాటే చూశారండోయ్, ఎంత సందడిగా ఉందో!" అని మురిసిపోయింది వసంత.

అప్పుడే అతని జేబులో ఆఫీసు మొబైల్ మోగింది. వసంత నవ్వు ఆగిపోయింది.

"ద్వారకా, టెస్టింగ్ మళ్ళీ ఫెయిలైందయ్యా. సాయంత్రానికి వచ్చెయ్యగలవా?" అన్నాడు ఈశ్వరప్రసాద్.

జవాబు చెప్పేలోపు ఈల వినబడింది. లైఫ్‌గార్డు ఒకతను పరిగెత్తుకొస్తూ అరుస్తున్నాడు. "దించండి ఆ జెండాని! అక్కడ నీళ్ళు లోపలికి లాగేస్తాయి!"

ద్వారకానాథ్ చీరని చూశాడు, నీళ్ళలో జనాన్ని చూశాడు. జనం దాన్ని చూసే దిగారని అప్పుడర్థమైంది. చీర వదిలేసి, ఫోను జేబులో కుక్కి, మోకాలిలోతు నీళ్ళలోకి ఉరికాడు. "నో! నో! ఔట్! ఎవ్రీబడీ ఔట్!" అని గొంతు చించుకున్నాడు. జన్మలో అన్నిసార్లు 'నో' అనలేదతను. అందరూ బయటికొచ్చారు. దూరంగా కొట్టుకుపోతున్న పెద్దాయనని లైఫ్‌గార్డు తేలే పలకమీద తీసుకొచ్చాక అతనికి ఊపిరాడింది. లైఫ్‌గార్డు పెట్టిన చీవాట్లు తలవంచుకుని తిన్నాడు. పెద్దాయనకి చేతులు జోడించి క్షమాపణ చెప్పాడు.

జేబులో ఫోను ఇంకా "హలో, హలో" అంటూనే ఉంది. తీసి చెవిన పెట్టుకున్నాడు.

"ఏంటయ్యా ఆ గోల? వస్తున్నావుగా?"

నో వర్రీస్ నాలిక చివరిదాకా వచ్చింది. అలల్లో పడ్డ చీరని వసంత లాక్కుంటోంది. అతనివైపు చూడటం లేదు. ఏం వినాల్సొస్తుందో ఆమెకి ముందే తెలుసు.

"నో, సార్," అన్నాడు ద్వారకానాథ్. గొంతు అప్పటికే అలవాటు పడింది. "మా ఆవిడతో ఉన్నాను. రేపొస్తాను."

అవతలి నుంచి ఈశ్వరప్రసాద్ అన్నాడు, "నో వర్రీస్."

ఇద్దరూ హోటలు వెనక, సముద్రం కనబడని చోట, చీరకి మళ్ళీ చెరో కొసా పట్టుకున్నారు. అది ఆరడానికి మధ్యాహ్నమంతా పట్టింది. తను అటు తిరిగినప్పుడల్లా వసంత దానిమీద కాసిని నీళ్ళు చిలకరిస్తోందని ద్వారకానాథ్‌కి తెలుసు.