ఎర్ర బండి లోపాల రిజిస్టరు

గంటకు రెండువందల ముప్ఫై కిలోమీటర్లు పోగల వాహనాన్ని మనిషి ఏ రోజున కనిపెట్టాడో, గంటకు పదిహేను మించరాదనే బోర్డును కూడా అదే రోజున కనిపెట్టి ఉంటాడు. బోర్డు లేకపోతే వాహనానికి అదుపు ఉండదు. వాహనం లేకపోతే బోర్డుకు గౌరవం ఉండదు. హిందీవాళ్ళ సీమలో, గమ్హరియాలోని మా కార్ఖానాలో ఈ రెండూ ఉన్నాయి.

వాహనమంటే మా మాలిక్ గారి ఎర్ర పందెపు కారు. అరవై ఎనిమిదిలో ఓడ మీద వచ్చి కలకత్తా రేవులో దిగింది. పొడవాటి ముక్కు, తీగల చక్రాలు, చెక్క స్టీరింగు, ఇద్దరికి మాత్రమే చోటు. (మాలిక్ గారి కుటుంబం ఏడుగురు. మిగతా ఐదుగురు యాంబాసిడర్‌లో వెనక బయలుదేరి ముందు చేరేవారు.) దాని పూర్తి వేగం ఎంతో తయారుచేసినవారు పుస్తకంలో అచ్చువేశారు గాని, మా ప్రాంతంలో కంటితో చూసినవారు లేరు. గేటు దాటితే లారీలు, లారీలు దాటితే గుంతలు, గుంతలు దాటితే గేదెలు. ఒకసారి బంద్ రోజున డెబ్బై అందుకుందని చెబుతారు. ఆ రోజు ఆఫీసు మూసి ఉండడం వల్ల అది నమోదు కాలేదు. కనుక జరగలేదు.

ఆ బండికి మెకానిక్ అసిరయ్య. టెక్కలి వైపు మనిషి, కాపురం ఇక్కడి బస్తీల్లో ఒకటైన బర్మామైన్స్‌లో. నేను టైమాఫీసు గుమస్తాను, సీతారాండేరాలో ఉంటాను, శనివారం ఉపవాసం ఉంటాను, ఇంతకు మించి నా గురించి చెప్పవలసింది లేదు. మా నియమావళి ప్రకారం అసిరయ్య పోస్టు కార్ఖానాకు చెందినది కాదు, బండికి చెందినది. బండి సామాన్ల జాబితాలో స్పేరు టైరు కింది వరసలో అతని పేరు ఉండేది. బండి ఉన్నన్నాళ్ళు అసిరయ్య ఉంటాడు. అతనికి నలభై తొమ్మిదేళ్ళు, కూతురు పద్మకుమారికి పదో తరగతి, వేరే ఉద్యోగం లేదు.

ఎనభై ఆరు వేసవిలో అదే కంపెనీవారి కొత్త తరం బండి వచ్చింది. పసుపు రంగు. చాపలా నేలకు అతుక్కుని ఉంటుంది. దీపాలు పగలంతా ముక్కులో పడుకుని, మీట నొక్కితే లేస్తాయి. దాని వేగం రెండువందల డెబ్బై. (గేటు దగ్గరి బోర్డు మారలేదు.) దీనికి బలరామ్ అనే కుర్ర సూపర్‌వైజరును వేశారు.

ఒకే షెడ్డులో రెండు తరాలు ఉండకూడదని, ఏది మేలో తేల్చి ఒకటే ఉంచాలని మాలిక్ గారు సెలవిచ్చారు. వెంటనే తులనాత్మక పరిశీలనా ఉపసంఘం పుట్టింది. అధ్యక్షులు పర్సనెల్ ఆఫీసరు ధర్మరాజు గారు. ఆయనకు సైకిలు తొక్కడం కూడా రాదు. అందువల్ల ఏ పక్షమూ వహించరని అందరూ ఒప్పుకున్నారు.

మొదటి పరీక్ష వేగం. ఆవరణ దాటితే భద్రతా విభాగం అనుమతి కావాలి కనుక ఆవరణలోనే జరిపారు. రెండు బండ్లూ పదిహేను అందుకున్నాయి. 'సమానం' అని రాశారు.

రెండో పరీక్ష రోడ్డు. తూకం వంతెన ముందు సివిల్ సెక్షన్ వారు కట్టిన స్పీడ్ బ్రేకరు ఉంది. ఎర్ర బండి దాన్ని ఎక్కి దిగింది. పసుపు బండి ఎక్కింది గాని దిగలేదు. పొట్ట ఆని, నాలుగు చక్రాలూ గాలిలో తిరిగాయి. ఎనిమిది మంది ఖలాసీలు 'హైసా' అంటూ ఎత్తి అవతల దింపారు. ఉపసంఘం ఇలా నమోదు చేసింది: పాత బండి, స్పీడ్ బ్రేకరును లెక్కచేయని స్వభావం. కొత్త బండి, కార్మికులలో ఐకమత్యం పెంపొందించును.

మూడో పరీక్ష వానలో దీపాలు. పసుపు బండికి ఒక కన్ను లేచింది, రెండోది లేవలేదు. బలరామ్ మీట నొక్కుతూనే ఉన్నాడు, బండి ధర్మరాజు గారికి కన్ను కొడుతూనే ఉంది. 'విద్యుత్ పొదుపు' అని రాశారు.

ఈ మూడూ చూశాక నాకు ధైర్యం వచ్చింది. దేవుడు కళ్ళు మూసుకుని లేడనుకున్నాను. నాలుగో అంశం చదివినప్పుడు ఆ ధైర్యం తగ్గింది. 'లోపాల రిజిస్టరు దాఖలు చేయవలెను.'

బలరామ్ మూడు రిజిస్టర్లు తెచ్చాడు. నాలుగు నెలల్లో అరవై ఒక్క లోపాలు, ఎర్ర సిరాతో గీతలు, ప్రతి పేజీకీ ముగ్గురి సంతకాలు. ఆ రిజిస్టర్లను చూసుకోవడానికే ఒక సహాయకుణ్ణి ఇప్పటికే ఇచ్చారు.

అసిరయ్య రిజిస్టరు నేను తీసి చూశాను. పద్దెనిమిదేళ్ళ పుస్తకం. ప్రతి పేజీ నెత్తిన పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, శ్రీ చుట్టి ఉంది. దాని కింద ఏమీ లేదు.

కారణం నాకు తెలుసు, ఎందుకంటే మా ఇళ్ళలోనూ అంతే. యంత్రంలో విశ్వకర్మ ఉన్నాడని నమ్మి దండం పెట్టినవాడు దాని జబ్బును కాగితం మీద పెట్టడు. రాస్తే నిలిచిపోతుందని భయం. ఇంట్లో పెద్దాయనకు జ్వరం వస్తే కషాయం కాచి ఇస్తాం గాని గోడ మీద రాసిపెట్టం గదా. అసిరయ్య లారీ రబ్బరుతో బ్రేకు కప్పులు కోశాడు, కార్కు షీటుతో గాస్కెట్లు చేశాడు, క్లచ్చి ప్లేటు రెండుసార్లు సొంతంగా రివిటు కొట్టాడు. అన్నీ చేసి, చేతులు కడుక్కుని, రిజిస్టరులో శ్రీ చుట్టేవాడు.

కార్ఖానాలో యంత్రాలకు జరిపే విశ్వకర్మ పూజకు మూడు రోజుల ముందు, సాయంత్రం డ్యూటీ దిగాక రిజిస్టరు పట్టుకుని బర్మామైన్స్ వెళ్ళాను. అసిరయ్య వాకిట్లో పీట మీద కూర్చుని ఉన్నాడు. అతని భార్య సింహాచలమ్మ చేటలో బియ్యం ఏరుతోంది.

"అసిరయ్యా, పద్దెనిమిదేళ్ళలో ఏమేం పాడయ్యాయో గుర్తు తెచ్చుకుని చెప్పు. నేను తేదీలు వేసి రాస్తాను," అన్నాను.

"ఏటి బాబూ, పూజ ముందలెట్టుకుని దానికి రోగాలు రాత్తారా?"

"రాయకపోతే నీ పోస్టు పోతుంది."

"అది ఇంటాది బాబూ."

"ఏది?"

"బండి. మొన్న పరీచ్చల్లో ఎంత బాగా నడిసింది. ఇప్పుడు ఎనకమాల కూకుని సాడీలు రాసీమంటారేటి?"

సింహాచలమ్మ చేట ఆపింది. "ఆ బండికెట్టిన దండాల్లో సగం నాకెట్టుంటే నాను కొండెక్కి కూకుందును. రాసీండి బాబూ, ఆడి మాటినకండి."

లోపలినుంచి పద్మకుమారి పుస్తకంలోంచి తల ఎత్తకుండానే హిందీలో అంది. "బాబా, జో సచ్ హై వహీ లిఖ్‌వా దో నా."

నిజమే రాయించమని కూతురు కూడా అనేసరికి అసిరయ్య కదిలాడు. "సరే. అయితే నా సేత్తో నానే రాత్తాను," అని రిజిస్టరు ఒళ్ళో పెట్టుకున్నాడు. శ్రీ చుట్టాడు. చాలాసేపు ఆలోచించాడు. తర్వాత అరగంట రాశాడు. ముగించి, కళ్ళకద్దుకుని నాకు ఇచ్చాడు. దేవుడి పని జరిగింది కదా అని నేను చదవకుండా సంచిలో పెట్టుకున్నాను. దారిలో గుడి దగ్గర ఆగి కొబ్బరికాయ కూడా కొట్టాను.

మర్నాడు ఉపసంఘం ముందు ధర్మరాజు గారు పైకి చదివారు.

"డెబ్బై ఒకటి. నాను ఆయిల్ సూడ్డం మరిసిపోనాను. బండి కోప్పడింది గాని ఆగనేదు. డెబ్బై ఆరు. నా మేనల్లుడి పెళ్ళికని నాలుగు రోజులు ఎల్లిపోనాను, సెప్పకుండా. ఎనభై మూడు. ఏడి మీద రేడియేటరు మూత తీసీసినాను, తప్పు నాదే, సెయ్యి కాలింది."

అంతే. బండి మీద ఒక్క ముక్క లేదు.

ధర్మరాజు గారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "అంటే పద్దెనిమిదేళ్ళలో బండిలో లోపం లేదు. మెకానిక్‌లో మూడున్నాయి."

"చిత్తం," అన్నాడు అసిరయ్య. బండిని పొగిడారని అతని ముఖం వెలిగింది.

"నిజంగా ఒక్కసారి కూడా చెడిపోలేదా?"

"దాని గుణం అలాటిది బాబూ."

నేను నోరు తెరిచాను. బ్రేకు కప్పులని, గాస్కెట్లని, క్లచ్చి ప్లేటని ఏదో అన్నాను. రిజిస్టరులో ఉందా అని ధర్మరాజు గారు అడిగారు. లేదన్నాను. అయితే టైమాఫీసువారు టైము చూసుకుంటే మంచిదన్నారు. (చూశాను. పదకొండుం పావు.)

పూజ జరిగిన మర్నాడు నివేదిక వెలువడింది. నోటీసు బోర్డుకు అంటించింది నేనే. అన్ని అంశాలలోనూ పాత తరం బండి మేలైనదని ఉపసంఘం ఏకగ్రీవంగా తేల్చింది. కనుక దాన్ని ఉంచవలెను. కొత్త బండికి ఇప్పటికే ఒక సెక్షన్ ఏర్పడి ఉన్నది, సెక్షన్ ఉన్న బండిని తీసివేయుటకు నియమం లేదు. కనుక దాన్ని కూడా ఉంచవలెను. పద్దెనిమిదేళ్ళు చెడని బండికి మెకానిక్ అవసరం రుజువు కానందున, పాత బండి మెకానిక్ పోస్టు రద్దు చేయవలెను. పసుపు బండి సెక్షన్‌లో అసిరయ్యను సర్దే విషయం పరిశీలించడమైనది, కాని అతను ఏదైనా బాగుచేసినట్టు ఆధారం లభించలేదు.

అసిరయ్య బోర్డు ముందు నిలబడ్డాడు. నేను చదివి వినిపించాను.

"ఎర్ర బండే నెగ్గిందన్నమాట," అన్నాడు.

"నెగ్గింది."

"మరి నాను?"

నేను చివరి పేరా మళ్ళీ చదివాను.

అతను షెడ్డులోకి వెళ్ళి, చక్రాల కింద పూజనాడు పెట్టిన నిమ్మకాయ తొక్కలు ఏరి, నేల ఊడ్చి, బండికి గుడ్డ కప్పి వెళ్ళిపోయాడు. తర్వాత గమ్హరియా రోడ్డు మీద ఒక గొడుగు కింద సైకిళ్ళకు పంక్చర్లు వేస్తున్నాడని విన్నాను. నేను ఇంటికి వేరే దారిన పోవడం మొదలుపెట్టాను. విశ్వకర్మను మాత్రం ఒకమాట అడిగాను. స్వామీ, నీ జబ్బు దాచినవాడికి ఇదా? ఆయన కూడా ఏమీ రాసి ఇవ్వలేదు.

డిసెంబరులో ఎర్ర బండి కదలనంది. బలరామ్ సెక్షన్ మొత్తం దిగి చూసింది. ఈ బండిలో పుస్తకంలో లేని సామాన్లు ఉన్నాయని, ఎవరో లారీ రబ్బరు పెట్టారని నివేదిక ఇచ్చింది. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారిగా రిజిస్టరులో శ్రీ కింద ఒక లోపం చేరింది: 'బండి కదలుట లేదు. కారణం తెలియదు.'

లోపం ఉన్న బండికి మెకానిక్ ఉండి తీరాలని నియమం. పోస్టు మంజూరయింది. అర్హత: పందెపు కార్ల లోపాలను కనీసం అయిదేళ్ళు నమోదు చేసిన అనుభవం.

వచ్చిన దరఖాస్తు ఒక్కటే. కాగితం నెత్తిన పసుపు, కుంకుమ బొట్టు. పరిశీలనకు నా బల్ల మీదికే వచ్చింది. అర్హత లేదని జవాబు పంపాను. పైన శ్రీ చుట్టే రాశాను.