ఎడమకాలి లాటు

నవ్వనని మాటిస్తేనే చెబుతాను. ఇవ్వరా? సరే, నవ్వుతూనే వినండి.

మా ఇంట్లో మధ్యగది ఒకటుంది. దాని కోసం మా ఆవిడకీ నాకూ రెండేళ్లుగా యుద్ధం. ఆవిడ కుట్టుమిషను వంటింట్లో, పొయ్యికి జానెడు దూరంలో ఉంది. కుట్టిన ప్రతి గౌనుకీ ఆ పూట వంటేమిటో చెప్పే వాసన పట్టేస్తుంది. అందుకని మధ్యగది తనకి కావాలంటుంది. నాకేమో ఆ గదిలో వ్యాపారం చేసి తీరాలని పట్టుదల.

వ్యాపారమంటే మూతపడ్డ షాపుల సరుకు గోడౌన్‌లో టోకున కొని విడిగా అమ్మడం. మొదటిసారి ఇస్త్రీపెట్టెలు కొన్నాను. కొన్నవాళ్లు షాపుకి తిప్పి పంపినవట. ఇరవైలో మూడే వేడెక్కాయి. ఆ మూడింట్లో ఒకటి మా మామగారి చొక్కాని వీపు దాకా తినేసింది. ఇక "కొత్తది" అని రాసి ఉంటే తప్ప ముట్టనని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను.

గోడౌన్ యజమానిని అందరూ "ఉన్నదున్నట్టు గారు" అంటారు. ఏం అడిగినా "ఉన్నది ఉన్నట్టు, వాపసు లేదు" అంటాడు. కూరలో ఉప్పెక్కువైందంటే వాళ్లావిడ కూడా ఆయనకి అదే జవాబు చెబుతుందట.

ఆయన జాబితాలో ప్రతి లాటుకీ, అంటే కలిపి అమ్మే సరుకు మొత్తానికి, రెండు గళ్లుంటాయి. ఒకటి రకం. సరుకు అమ్ముడుపోక మిగిలిందా, కొన్నవాళ్లు తిప్పి పంపిందా, షాపులో ప్రదర్శనకి పెట్టిందా అన్నది అందులో ఉంటుంది. రెండోది కండిషన్. కొత్తదా, వాడిందా, పాడైందా అన్నది ఇందులో. నేను రెండో గడి మీదే వేలు పెట్టి కిందికి దిగాను. ఒకచోట వేలు ఆగిపోయింది. మూడు వందల బూట్లు. కొత్తవి. ఎవరూ తొడగలేదు. అన్నీ ఏడో నంబరు. నూట యాభై జతలని అక్కడికక్కడే లెక్కగట్టి, ఇంటికి రాగానే జాబితా మా ఆవిడ ముందు పరిచాను.

"రకం గడి చదివారా?" అంది.

"కండిషన్ చదివాను. కొత్తవి."

"అది సరేనండీ, రకం?"

"కొత్తవాటికి రకమేమిటే? అడ్వాన్సు కూడా ఇచ్చేశాను."

ఆవిడ జాబితా వైపు ఓసారి, నా వైపు ఓసారి చూసింది. "పది రోజుల్లో సరుకంతా అమ్మేస్తే గది మీదే. ఒక్క బూటు మిగిలినా నాది. ఒప్పుకుంటారా?"

"పది రోజులెందుకు, వారం చాలు!"

"పదే ఉంచుకోండి. ఆ జాబితా మాత్రం నా దగ్గరుంచండి." ఉంచాను.

మర్నాడు లారీ వచ్చింది. పెట్టె విప్పితే కొత్త తోలు వాసన గుప్పుమంది. వరసగా పేర్చడం మొదలుపెట్టాను. ఎడమ, ఎడమ, ఎడమ. మూడో పెట్టె దాకా కుడివి అడుగున ఉంటాయనుకున్నాను. ఆఖరి పెట్టె అడుగు కనిపించాక కూడా ఒక్క కుడిదీ రాలేదు. వెంటనే ఫోన్ చేశాను.

"షాపులో అర మీద ఒక కాలిదే కదండీ పెడతారు?" అన్నాడు ఉన్నదున్నట్టు గారు. "ప్రదర్శన సరుకని రకం గడిలో రాశాంగా."

"మరి కుడివి?"

"డబ్బాల్లో ఉండిపోయినవి వేరే లాటు. జత లేదని పాడైన సరుకు కింద రాశాం. నిన్న సాయంత్రమే అమ్ముడైపోయింది."

"ఎవరికండీ?"

"పేర్లు చెప్పం."

నేను వెనకడుగు వేసేవాణ్ని కాదు. మూడో రోజున మా వీధిలోని డ్రిల్లు మాస్టారికి, రెండు కాళ్లకీ ఒకటే తొడగడం కొత్త ఫ్యాషనని చెప్పి రెండు ఎడమలు అంటగట్టాను. ఆయన కవాతు చేస్తూ బయల్దేరి, ఎడమకే తిరిగి తిరిగి, మళ్లీ మా గేటు దగ్గరికే వచ్చి నా కాలరు పట్టుకున్నారు.

మా బావమరిదిని సలహాల పుట్ట అంటాం. బూటులో మొక్క వేసి అమ్మమన్నాడు. ఒకటి వేశాను. పక్కింటావిడ తెగ మురిసిపోయి, "రెండో కాలిది ఏదండీ?" అంది.

ఈలోగా మా ఆవిడ మధ్యగది కిటికీని టేపుతో కొలిచింది. ఏమిటంటే "ఊరికే" అంది.

ఎనిమిదో రోజున వీధంతా కాగితాలు అంటించాను. "కుడికాలి బూట్లు కొన్నవారికి మనవి. మీ ఎడమకాలు నా దగ్గరుంది." తొమ్మిదో రోజు తలుపు కింద చీటీ కనిపించింది. "రేపు పదింటికి మీ గేటు దగ్గర మాట్లాడుకుందాం."

పదో రోజు తల దువ్వుకుని, బేరానికి మొహం గంభీరంగా పెట్టుకుని నిలబడ్డాను. వ్యాను వచ్చి ఆగింది. అందులోంచి మా వదినగారు, అంటే మా ఆవిడ అక్కగారు, దిగారు.

"వదినగారూ, కాస్త పక్కకి రండి. నా కోసం పెద్ద వ్యాపారి వస్తున్నాడు."

"వచ్చేసిందండీ," అంటూ మా ఆవిడ చెంగుకి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. "అక్కా, డబ్బాలు ఇక్కడే దింపించు."

ఒక డబ్బా మూత ఎత్తి చూశాను, కుడికాలి బూటు. "ఎప్పుడు కొన్నావే?" అన్నాను.

"మీరు జాబితా ఇచ్చి స్నానానికి వెళ్లారు చూడండి, అప్పుడే జాబితాలో కుడికాళ్ల లాటు చూసి ఫోన్ చేశాను. పాడైన సరుకు ధరకే ఇచ్చాడు. నా కుట్టుడబ్బుల్లో ఇంకా మిగిలాయి."

"అయితే మాత్రం? నా ఎడమలు లేకుండా నీ కుడులు అమ్ముడవుతాయా?"

"అవ్వవు. కానీ నాకు తొందర లేదండీ. గడువు మీకుగా."

గడియారం చూశాను. వదినగారు నవ్వాపుకోలేక డబ్బాలు లెక్కపెడుతున్నట్టు నటిస్తున్నారు. ఏడవాలో నవ్వాలో తెలియక మధ్యగది తాళంచెవి తీసి మా ఆవిడ చేతిలో పెట్టాను.

ఎడమ కుడి కలిపాక, వారంలో ఒక్కటి తప్ప మూడు వందల జతలూ కదిలిపోయాయి. డ్రిల్లు మాస్టారు కూడా ఒక జత కొని తిన్నగా ఇంటికి చేరారు. మొక్క పెట్టిన బూటు జతని మాత్రం ఎవరూ ముట్టలేదు. అది నేనే తొడుక్కుంటున్నాను. నా కాలు ఎనిమిదో నంబరు.

ఇప్పుడు వంటింట్లో, మిషను ఉన్న చోట నా కుర్చీ పడింది. కొత్త జాబితా ముందేసుకుని రకం గడి నుంచే మొదలుపెడుతున్నాను. అర్థం కానిచోట లేచి వెళ్లి మా ఆవిడని అడుగుతున్నాను. మధ్యగది తలుపు తట్టి, రమ్మన్నాకే లోపలికి వెళుతున్నాను.